తెలియకపోతే తెలీదని చెప్పాలా, ‘సరే సార్’ అని తల ఊపాలా?

పీలేరు అన్న:
మా తమ్ముడు బీఎస్సీ అయిపోయి శ్రీసిటీలో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో అప్రెంటిస్‌గా చేరినాడు. చేరకముందు తిరుపతిలో ఫీజు కట్టి సాఫ్ట్ స్కిల్స్ కోచింగ్ తీసుకున్నాడు. ‘తెలీదు’, ‘కాదు’ అనే మాటలు నోట రాకూడదు, ఎప్పుడూ పాజిటివ్‌గా ఉండాలి అని అక్కడ నూరిపోసినారు. వీడు అదే పట్టుకున్నాడు. లైన్ లీడర్ తమిళం, హిందీ కలిపి చెప్పేది సగం అర్థం కాకపోయినా ‘సరే సార్’ అంటాడంట. అడగరా అంటే, అడిగితే ఏమీ రాదనుకుంటారన్నా అంటున్నాడు. ఏం చెప్పాలి వాడికి?

షిఫ్ట్ బీ:
కోచింగ్‌లో చెప్పింది మర్చిపొమ్మను ముందు. నేను ఆ చుట్టుపక్కలే ఒక ప్లాంట్‌లో లైన్ చూసుకుంటాను. కొత్త పిల్లోడు అడిగితే నాకు పోయేది రెండు నిమిషాలు, అడక్కుండా మిషన్‌కి పార్టులు అందించే ఒక రీల్ బదులు ఇంకో రీల్ ఎక్కించాడంటే ఎవరో ఒకరు కనిపెట్టేదాకా వచ్చే ప్రతి సర్క్యూట్ బోర్డు మీదా తప్పు పార్టే కూర్చుంటుంది, అదంతా రీవర్క్‌కి పోవాలి, మెమో నాకు వస్తుంది. తెలీదన్నవాడితో నాకు టెన్షన్ లేదు. సరే అన్నవాడు ఏం అర్థం చేసుకున్నాడో నాకెట్లా తెలుస్తుంది?

జపాన్ కంపెనీల్లో కొత్తవాళ్ళకి మొదట నేర్పే వాటిలో హోరెన్సో అని ఒక పద్ధతి ఉంది. పని ఎక్కడిదాకా వచ్చిందో పైవాళ్ళకి చెప్పడం, సంబంధం ఉన్నవాళ్ళకి తెలియజేయడం, అనుమానం ఉంటే చెయ్యకముందే సంప్రదించడం, ఇంతే. టయోటా ప్లాంట్లలో అయితే తేడా కనిపిస్తే మామూలు వర్కరే తాడు లాగో, బటన్ నొక్కో టీమ్ లీడర్‌ని పిలుస్తాడు, అప్పటికప్పుడు సరికాకపోతే లైనే ఆగుతుంది. లైన్ ఆపినందుకు అక్కడ తిట్లు పడవు.

మీవాడికి ఒకటి చెప్పండి. ‘అర్థం కాలేదు’ అనడానికి నోరు రాకపోతే విన్నది తిరిగి చెప్పమనండి. ‘సార్, ఈ రీల్ అయిపోయాక ఆ నంబర్ రీల్ పెట్టాలి, మొదటి బోర్డు మీకు చూపించి ఆ తర్వాత నడపాలి, అంతే కదా?’ పైలట్లు కూడా కంట్రోల్ టవర్ చెప్పింది తిరిగి చదివే వినిపిస్తారు, వాళ్ళకి ఏమీ రాదని ఎవరైనా అంటున్నారా?

చంద్రగిరి కోట:
బాగుంది గానీ అందరూ మీలాగే ఉంటారా సార్? మా చెల్లెలు చేరిన చోట డౌటు అడిగితే అందరి ముందూ ‘డిగ్రీలో ఏం చదివినావు?’ అన్నారు. ఆ తర్వాత అది నోరు తెరిస్తే ఒట్టు. బళ్ళో డౌటు అడిగితే గోడకుర్చీ వేయించిన ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు వీళ్ళు. స్కిల్స్ నేర్పాల్సింది పిల్లలకా, సూపర్‌వైజర్లకా? పైగా 1961 అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్‌లో అప్రెంటిస్ వర్కర్ కాడు, ట్రైనీ అని ఉంది. అందుకే వాళ్ళకిచ్చేది జీతం కాదు, స్టైపెండ్. డబ్బులిచ్చేటప్పుడు ట్రైనీ, డౌటు అడిగితే మాత్రం అన్నీ వచ్చుండాలా?

ఫ్రంట్ ఆఫీసు:
మీ గొడవంతా ఫ్యాక్టరీది. నేను తిరుపతిలో లాడ్జి కౌంటర్‌లో ఉంటాను. తెల్లవారుజామున దర్శనం చేసుకుని, పిల్లల్ని భుజాన వేసుకుని కొండ దిగి వచ్చినవాళ్ళకి ‘రూమ్ ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలీదు’ అని చెప్పి చూడండి, కౌంటర్ మీదికి వస్తారు. కొత్తగా చేరినవాళ్ళు భయపడి ‘ఐదు నిమిషాలు సార్’ అంటారు, అది ఇంకా ఘోరం. కనుక్కుని చెప్తాననాలి, పావుగంటలో కబురు ఉన్నా లేకపోయినా మనమే వాళ్ళ దగ్గరికి పోయి చెప్పాలి. లేదంటే ‘తెలీదు’కీ ‘కనుక్కుంటాను’కీ తేడా ఏముంది?

షిఫ్ట్ బీ:
చంద్రగిరి కోట గారూ, సూపర్‌వైజర్ల సంగతి ఒప్పుకుంటాను. నిన్నటిదాకా ఆపరేటర్‌గా ఉన్నవాడిని పని బాగా చేస్తున్నాడని లీడర్‌ని చేస్తారు, మనుషులతో ఎట్లా మాట్లాడాలో వాడికెవరూ నేర్పరు. కానీ వాడు మారేదాకా మీ చెల్లెలు నోరు మూసుకుని కూర్చుంటే వేళ్ళు మిషన్‌లో పెట్టేది ఆమే. సేఫ్టీ విషయంలో మొహమాటం వద్దు, తిట్టినా అడగాల్సిందే. మిగతా వాటికి జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకోమనండి. ఒకే డౌటు మూడోసారి వస్తే నాకూ చిరాకే, అది దాచను.

మన ఆంధ్రా డిగ్రీలో కూడా 2020-21 నుంచి లైఫ్ స్కిల్ కోర్సులు, పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టినారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి అది సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోయింది.

పీలేరు అన్న:
వాడికి చదివి వినిపించినాను. ‘తిరిగి చెప్పమంటున్నారు సరే, ఏ భాషలో చెప్పాలి?’ అంటున్నాడు. ఇంగ్లీష్‌లో తప్పు వస్తే నవ్వుతారని భయమంట.

ఫ్రంట్ ఆఫీసు:
లీడర్‌కి తమిళం వచ్చు కదా, అందులోనే. మా కౌంటర్‌లో తమిళం, కన్నడ, వచ్చీరాని హిందీతోనే బండి నడుస్తుంది. కంపెనీ బస్సులో తమిళం వచ్చిన సత్యవేడు వైపు పిల్లలు ఉంటారు, వాళ్ళ పక్కన కూర్చుని పనికి కావాల్సిన ముక్కలు పట్టుకోమనండి.

చంద్రగిరి కోట:
అడిగాడు, లీడర్ అరిచాడు. అప్పుడు?

షిఫ్ట్ బీ:
అరుపులు చల్లారాక షిఫ్ట్ చివర్లో ఒంటరిగా అడగమనండి, చాలామంది అప్పుడు బాగానే చెప్తారు. అప్పుడూ అరిస్తే తేదీ, విషయం రాసుకుని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాలి. ఆ మెయిల్ మాత్రం తెలిసినవాళ్ళెవరికైనా చూపించి పంపమనండి, కోపంలో రాసింది పంపితే అసలు విషయం వదిలేసి భాష మీద పడతారు.