అప్‌డేట్: డీజిల్ కారులో బుస్సుమనే శబ్దం, దొంగ దొరికింది

పోయిన వారం అడిగాను కదా, హైదరాబాద్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే (పొడవాటి ఫ్లైఓవర్) ఎక్కేటప్పుడు కారు పికప్ లేక మూలుగుతోందని, యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే బుస్సుమంటూ వెనక నల్లటి పొగ వస్తోందని. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది) పోయిందేమోనని నిద్ర పట్టలేదు. టర్బో బాగానే ఉంది. ఇంటర్‌కూలర్ (టర్బో పంపే వేడి గాలిని చల్లబరిచేది) నుంచి ఇంజన్‌కి గాలి తీసుకెళ్లే రబ్బరు గొట్టం చీలింది, అంతే.

మొదటి షెడ్డులో బానెట్ ఎత్తకుండానే టర్బో మార్చాలన్నారు. ఉప్పల్‌లో ఇంకో మెకానిక్ గొట్టం అడుగున వేలితో రాసి చూపించాడు. నల్లటి జిడ్డు, దానికి పట్టిన దుమ్ము. లోపల కాస్త ఆయిల్ తడి మామూలేనట, బయటికి వచ్చిందంటే అనుమానించాలట. గాలి ఎక్కడ లీకవుతోందో తెలుస్తుందని సబ్బు నీళ్లు కొట్టి చూశాం, బుడగ రాలేదు. బండి నిలబడి ఉన్నప్పుడు టర్బో ప్రెషర్ పెద్దగా ఉండదుగా! చివరికి గొట్టం ఊడదీసి వంచితే, క్లాంప్ (గొట్టాన్ని బిగించి పట్టే పట్టీ) పక్కనే అంగుళం చీలిక నోరు తెరిచింది.

టేపు చుడితే సరిపోదా అన్నాను (నా పిసినారితనం). నవ్వి ఊరుకున్నాడు. రాణిగంజ్ వెళ్లి కొత్త గొట్టం, రెండు క్లాంపులు తెచ్చాను. పైపు మూతికి జిడ్డు ఉంటే కొత్తదీ జారిపోతుందని, బాగా తుడిచాకే బిగించాడు.

పోయిన వారం క్లాంపులు చూడమని సలహా ఇచ్చిన వాళ్లకు థాంక్స్. నిన్న నలుగురితో ర్యాంప్ ఎక్కాను, పొగా లేదు, బుస్సూ లేదు. ఏసీ వేస్తే కిచకిచ మాత్రం అలాగే ఉంది. అది బెల్టు అనుకుంటా.