మనల్ని చూసి మనమే నవ్వుకుంటే తప్పా?

వెనకబల్ల:
అందరికీ వందనాలు. మా సంఘంలో యవ్వనస్థుల కూడికకి నేనో స్కిట్ రాశాను. మూడు ముక్కలు. మొదటిది, ప్రార్థన అంశాల పేరుతో సాగే పుకార్లు: ‘పేరు చెప్పను గానీ, కిటికీ పక్కన కూర్చునే ఆ కుటుంబం కోసం భారంతో ప్రార్థించండి, ఎందుకంటే...’ అని మొదలై ఆ ‘ఎందుకంటే’ పావుగంట సాగుతుంది. రెండోది, దీర్ఘ ప్రార్థనలో కునుకు తీసి తప్పు చోట ‘ఆమేన్’ అనే పెద్దాయన. మూడోది, సంవత్సరపు లెక్కలు చదువుతుండగా ఎవరైనా అంకె అడిగితే చాలు, కీబోర్డు మోగుతుంది, ‘అందరం తలలు వంచుదాం’ అంటారు. జనం పడిపడి నవ్వారు. మరుసటి వారం పెద్దలు పిలిచి క్షమాపణ రాసివ్వమన్నారు. నేను రాయలేదు.

తనను చూసి తాను నవ్వుకోలేని సంఘం పశ్చాత్తాపం గురించి ఎంత ప్రసంగించినా వృథా అని నా వాదన. ఈ గొడవ పాతదే. 1656లో ఫ్రెంచి రచయిత పాస్కల్, జెసూట్లనే కాథలిక్ సన్యాసుల నీతిబోధను ఉత్తరాల్లో ఏకిపారేస్తే, పవిత్ర సంగతులను ఎగతాళి చేస్తున్నావని ఆయన మీద పడ్డారు. పదకొండో ఉత్తరంలో ఆయన దానికే జవాబిచ్చాడు: విశ్వాసాన్ని చూసి నవ్వడం వేరు, తమ అభిప్రాయాలతో దాన్ని భ్రష్టు పట్టించేవాళ్లను చూసి నవ్వడం వేరు. మీరేమంటారు?

కావలివాడు:
వందనాలు బ్రదర్. ‘అపహాసకులు కూర్చుండు చోటను కూర్చుండక’ అని మొదటి కీర్తన మొదటి వచనంలోనే ఉంది. ఎఫెసీ 5:4లో పోకిరిమాటలు, సరసోక్తులు తగవన్నాడు పౌలు. ఇక రెండో రాజులు రెండో అధ్యాయం తీయండి. బేతేలు దారిలో ఎలీషా ప్రవక్తను ‘బోడివాడా’ అని వెక్కిరించిన వాళ్లలో 42 మందిని రెండు ఆడ ఎలుగుబంట్లు చీల్చేశాయి. దైవజనుణ్ణి నవ్వులపాలు చేస్తే ఏమవుతుందో దేవుడు రాయించే పెట్టాడు.

పాస్కల్ మాటకొస్తే, ఆయన నవ్వింది జెసూట్లను చూసి. తన పక్షమైన పోర్ట్ రాయల్ మఠం వాళ్లను చూసి కాదు. తర్వాత ఎలాగూ ఏలీయా ప్రవక్తను తెస్తారు, బయలు దేవుడి పూజారులతో ‘మీ బయలు నిద్రపోతున్నాడేమో’ అన్నాడని. అదీ అవతలివాళ్లనే. పొరుగువాణ్ణి వెక్కిరించి దానికి ఆత్మవిమర్శ అని పేరు పెట్టకండి.

తోమా:
ఎలుగుబంట్లు దిగాయి. ఇక స్కిట్ సంగతి ఎవరికీ గుర్తుండదు చూడండి.

వెనకబల్ల:
బ్రదర్, బేతేలు ఎలాంటి ఊరు? యరొబాము రాజు బంగారు దూడను నిలబెట్టిన ఊరు, 1 రాజులు 12 చదవండి. యెహోవా ప్రవక్త మా ఊరి ఛాయలకు రావద్దని తరిమే గుంపు అది. బట్టతల మీద జోకు వేసినందుకు శిక్ష పడిందని ఆ కథను చదివితే దూడను వదిలేసి తోకను పట్టుకున్నట్టే. ప్రవక్తను చూసి నవ్వితే ఎలుగుబంట్లు వస్తాయన్నది నియమమే అయితే యిర్మీయా సంగతేంటి? ‘దినమెల్ల నవ్వులపాలైతిని’ అని ఆయనే మొత్తుకున్నాడు. ఒక్క ఎలుగుబంటి రాలేదు.

సొంతవాళ్ల మీద నవ్వు కావాలా? యోనా గ్రంథం ఉంది. నీనెవె అంతా గోనెపట్ట కట్టుకుని మారుమనస్సు పొందుతుంటే మన ప్రవక్త గారు ఎండిపోయిన చెట్టు కోసం చచ్చిపోతానని అలిగి కూర్చున్నాడు. ఇశ్రాయేలు తన ప్రవక్తనే అలా చూపించుకుని, ఆ పుస్తకాన్ని లేఖనాల్లో పెట్టుకుంది. దోమను వడగట్టి ఒంటెను మింగుతారన్న ప్రభువు మాట కూడా ఎవర్ని ఉద్దేశించి? తన ప్రజలకు ధర్మశాస్త్రం బోధించేవాళ్లనే కదా.

కావలివాడు:
యిర్మీయాను చూసి నవ్విన ఊరికి ఏమైందో కూడా చెప్పండి మరి. యెరూషలేము కాలిపోయింది. దానికంటే ఎలుగుబంట్లే నయం.

బేతేలు సంగతి నాకూ తెలుసు. అయినా ఆ గుంపు దూడకు మొక్కినందుకు కాదు, వెక్కిరించినందుకే ఆ వచనంలో శాపం పొందింది. వాక్యంలో ఉన్నదాన్ని చుట్టుపక్కల కథలతో కప్పెట్టకండి.

తోమా:
యెరూషలేము దెబ్బ గట్టిగా తగిలింది. (నేనెవరి పక్షమూ కాదు.)

అయ్యగారి అమ్మాయి:
మీ ఇద్దరి మాటలు చూస్తుంటే సంఘంలో నవ్వే లేనట్టు, ఎవరో కొత్తగా తేబోతున్నట్టు ఉంది. నేను పాస్టర్ గారి కూతుర్ని. ప్రతి ఆదివారం నవ్వుల మధ్యే పెరిగాను. నేను లెక్కల పరీక్ష తప్పడం, నాకు చీకటంటే భయం, తమ్ముడితో పోట్లాట, అన్నీ ప్రసంగానికి ఉదాహరణలే. నాన్నగారు మంచి చమత్కారి. జనం పగలబడి నవ్వేవాళ్లు, నేను ముందు వరుసలో తల దించుకుని కూర్చునేదాన్ని. నిద్రపోయేవాళ్ల మీద, ఆలస్యంగా వచ్చేవాళ్ల మీద, భార్యల మీద పల్పిట్ (ప్రసంగ వేదిక) జోకులు ఎన్ని విన్నామో! ఆ రోజుల్లో ఒక్క పెద్ద కూడా ఎఫెసీ 5:4 తీయలేదే?

ఒకసారి ఇంట్లో, ఇంట్లోనే సుమా, నాన్నగారి ప్రార్థన గొంతును అనుకరించాను. ఆ గొంతు మైకు ముందు వేరు, మామూలుగా వేరు. అందరికీ తెలుసు. దానికి నెలల తరబడి నాతో సరిగా మాట్లాడలేదు.

కాబట్టి అన్నయ్యలూ, నవ్వొచ్చా లేదా అనేది ప్రశ్నే కాదు. మైకు ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. పై నుంచి కిందికి వస్తే చమత్కారం, కింది నుంచి పైకి వెళ్తే అపహాస్యం.

కావలివాడు:
సిస్టర్, మీ బాధ అర్థమైంది. తండ్రి గారు అలా చేయకుండా ఉండాల్సింది. పల్పిట్ మీద జోకులు నాకూ ఇష్టం లేవు. ఒకప్పుడు ఈస్టర్ రోజున జనాన్ని నవ్వించడానికి పల్పిట్ ఎక్కి బూతు కథలు చెప్పే బోధకులుండేవారు. తర్వాత బాసెల్ సంస్కర్తగా పేరొందిన ఎకోలంపాడియస్ 1518లోనే దాన్ని తప్పుపట్టాడు. నా మాటా అదే. పైనా వద్దు, కిందా వద్దు. ఎలుగుబంట్ల విషయంలో మాత్రం బ్రదర్ ఇంకా జవాబివ్వలేదు.

వెనకబల్ల:
ఇచ్చాను. మీకు నచ్చలేదు, అంతే.

పైనున్నవాళ్లు సైతం తమ ఇంటిని తాము విమర్శించుకోగలరు. 2014 క్రిస్మస్ ముందు పోప్ ఫ్రాన్సిస్ వాటికన్ అధికారులకు శుభాకాంక్షలు చెప్పాల్సిన సభలో, వాళ్లకున్న 15 రోగాల జాబితా చదివాడు. ‘ఆధ్యాత్మిక అల్జీమర్స్’ అందులో ఒకటి, చావింటి ముఖం పెట్టుకు తిరగడం మరొకటి. 2024 జూన్‌లో వందమందికి పైగా హాస్యనటులను పిలిపించి, ప్రేమించేవాళ్లతో సరదాలాడినట్టు దేవుణ్ణి చూసి కూడా నవ్వవచ్చు, అది దూషణ కాదన్నాడు.

అయ్యగారి అమ్మాయి:
అది కూడా పై నుంచే వచ్చింది అన్నయ్యా. ఆ సభలో ఒక గుమాస్తా లేచి పోప్ గారికి పదహారో రోగం చెప్పి ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

చిల్లరకానుక:
ఇంతసేపూ చదివాను. నాకు రెండు పక్షాల మీదా కోపంగానే ఉంది.

‘మనల్ని చూసి మనం నవ్వుకోవడం’ అనేది ఎంతకాలం నిలుస్తుందో చూడండి. అమెరికాలోని క్రైస్తవ వ్యంగ్య వెబ్‌సైట్ బాబిలోన్ బీ 2016లో మొదలైనప్పుడు ఎక్కువగా ఆరాధన బృందాలు, మెగాచర్చిలు, చిన్న గుంపు కూడికల మీద జోకులు. 2018లో చేతులు మారింది. తర్వాత రాజకీయ వ్యంగ్యానికే పేరుపడింది, అవతలి పార్టీవాళ్లే ఎక్కువ నవ్వులపాలు. సొంత కంట్లో దూలం మీద నవ్వు చివరికి పక్కవాడి కంట్లో నలుసు దగ్గరికే చేరింది. నవ్వించేవాడికి చప్పట్లు ఎటువైపు ఎక్కువొస్తే అటే వెళ్తాడు.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. అమెరికాలోని సదరన్ బాప్టిస్టు సంఘాల్లో లైంగిక దాడుల సంగతి బయటికి తెచ్చింది జోకులు కాదు. 2019లో రెండు టెక్సస్ పత్రికలు కలిసి తవ్వితే, 20 ఏళ్లలో 700 మందికి పైగా బాధితులు తేలారు. 2022 మేలో వచ్చిన దర్యాప్తు నివేదిక, ఫిర్యాదు చేసినవాళ్లను పెద్దలు ఏళ్ల తరబడి తోసిపుచ్చారనీ, నిందితుల జాబితా ఒకటి కార్యాలయంలోనే రహస్యంగా ఉందనీ చెప్పింది. పేరున్న బోధకుడు రవి జకరయాస్ సంగతీ అంతే. ఆయన పోయాక, 2021లో, ఆయన సంస్థే నియమించిన న్యాయవాదుల నివేదిక ఆయన మీది లైంగిక ఆరోపణలు నిజమని తేల్చింది. ఆ స్త్రీలెవరూ స్కిట్లు వేయలేదు. కాగితాలు చూపించారు, సాక్ష్యం చెప్పారు. జోకు విని నవ్వేసి ‘అబ్బ, మన సంఘం ఎంత నిజాయితీగా ఉందో’ అనుకుని ఇంటికెళ్లిపోవడం చాలా సుఖంగా ఉంటుంది. లెక్కల పుస్తకం మాత్రం బీరువాలోనే ఉంటుంది.

వెనకబల్ల:
అక్కా, నవ్వేవాళ్లు తవ్వరని ఎవరన్నారు? 1971లో అమెరికాలో మొదలైన ‘విటెన్‌బర్గ్ డోర్’ వ్యంగ్య పత్రికను తర్వాత చేపట్టింది ట్రినిటీ ఫౌండేషన్. టీవీ బోధకుల చెత్తకుండీలు వెతికిన సంస్థ అదే! రాబర్ట్ టిల్టన్‌కి జనం పంపిన ప్రార్థన ఉత్తరాలు, డబ్బు తీసేశాక చెత్తలో పడ్డాయని 1991లో ఏబీసీ టీవీ చూపించిన కథనం వెనక వాళ్ల పనే ఉంది. (ఆయన కాదన్నాడనుకోండి.) నవ్వూ తవ్వకమూ ఒకే ఇంట్లో ఉండగలవు.

తోమా:
బ్రిటన్‌లో ‘షిప్ ఆఫ్ ఫూల్స్’ అనే క్రైస్తవ వ్యంగ్య వెబ్‌సైట్ వాళ్లు కూడా ఉన్నారు. 1998 నుంచి గుర్తుతెలియని ఆరాధికుణ్ణి చర్చిలకు పంపిస్తారు. ప్రసంగం ఎంతసేపు, కూర్చునే బల్ల ఎలా ఉంది, ఏ క్షణం పరలోకంలా ఉంది, ఏ క్షణం ‘ఆ రెండో చోటు’లా ఉంది, అన్నీ రాస్తాడు. కానుకల పళ్లెంలో తన కార్డు వేసి వస్తాడు. పాస్టర్ గారు పళ్లెం చూసుకునే వేళ ఎలా ఉంటుందో!

కావలివాడు:
ఇదిగో, ఇదే. మీ అందరికీ ఇది వినోదం. లోపల జరిగింది బయట వేసి లోకాన్ని నవ్వించడం. తండ్రి నోవహు దిగంబరత్వాన్ని చూసి బయటికెళ్లి చెప్పిన హాముకీ మీకూ తేడా ఏముంది?

వెనకబల్ల:
ఎలుగుబంట్లు అయిపోయాయి, ఇప్పుడు హాము. మీకు ఒక్క పెద్దాయన కూడా తప్పు చేసినట్టు కనపడడా? ప్రతిదానికీ శపించే కథ ఒకటి జేబులో పెట్టుకు తిరుగుతారేంటి? మీలాంటివాళ్ల వల్లే చదువుకున్న పిల్లలు సంఘం వదిలి పోతున్నారు.

కావలివాడు:
మీలాంటివాళ్ల వల్ల మా నాన్న సంఘం వదిలాడు.

మీ స్కిట్‌లో రెండో ముక్క ఉంది చూశారా, ప్రార్థనలో నిద్రపోయే పెద్దాయన. మా సంఘంలో అది స్కిట్ కాదు, వీడియో. ఎవడో కుర్రాడు ఫోన్‌లో తీసి, గురక శబ్దం కలిపి, పంచాడు. సంఘం గ్రూపు నుంచి బంధువుల గ్రూపులకు, అక్కడి నుంచి నాన్న ఆఫీసుకు పోయింది. ఆయన అప్పుడు నరాల జబ్బుకు మందులు వాడుతున్నాడు. ఆ మందులకు మత్తు వస్తుంది. చెప్పుకోలేదు, అభిమానం. జీవితమంతా ఆ గుడి తలుపులు తీసి మూసినవాడు ఆ తర్వాత గడప తొక్కలేదు. అప్పుడూ జనం ‘పడిపడి నవ్వారు’ బ్రదర్. మీ మాటే.

తోమా:
...

అయ్యగారి అమ్మాయి:
అన్నయ్యా, ఇది మొదటే చెప్పాల్సింది. ఇంతసేపూ ఎలీషాను ముందు పెట్టుకుని మాట్లాడారు.

వెనకబల్ల:
మీ నాన్నగారికి జరిగింది దుర్మార్గం. దాన్ని నేను సమర్థించను. కానీ నా మూడో ముక్క గురించి మీరు ఇంతవరకూ ఒక్క మాటా అనలేదు, గమనించారా?

లెక్కల గురించి మొదట స్కిట్ రాయలేదు నేను. మత్తయి 18లో చెప్పినట్టు ఒంటరిగా వెళ్లి కోశాధికారిని అడిగాను. తర్వాత ఇద్దరిని తోడు తీసుకెళ్లాను. ‘సణుగుడు ఆత్మ ఉంది’ అన్నారు. నన్ను పాటల బృందం నుంచి తీసేశారు, కారణం చెప్పలేదు. నాతో వచ్చిన ఇద్దరూ మళ్లీ రాలేదు. సర్వసభ్య సమావేశంలో చెయ్యెత్తితే నిజంగానే ప్రార్థన మొదలుపెట్టారు. ఆ స్కిట్‌లో నేను కల్పించింది కీబోర్డు ఒక్కటే.

చిల్లరకానుక:
ఆ రెండు ముక్కలూ తీసేసి ఇదొక్కటే ఇలాగే రాసి అందరికీ ఇచ్చి ఉంటే నేను సంతకం పెట్టేదాన్ని. పుకార్ల సిస్టర్నీ, నిద్రపోయే తాతయ్యనీ, లెక్క చెప్పని కోశాధికారినీ ఒకే తాటికి కట్టారు. అందుకే పెద్దలకు ‘అందరినీ అవమానించాడు’ అనడం తేలికైంది.

వెనకబల్ల:
ఆ రెండూ లేకపోతే స్కిట్ వేయనిచ్చేవాళ్లే కాదక్కా. లెక్కల ముక్క వాటి చాటునే లోపలికి వచ్చింది.

అయ్యగారి అమ్మాయి:
అంటే ఎదురు చెప్పలేనివాళ్లను చూపించి నవ్వించి, చెప్పగలవాళ్ల దగ్గరికి దారి వేసుకున్నారన్నమాట. మా నాన్నగారూ అదే చేసేవారు, నన్ను పెట్టి.

నిర్వాహకుడు:
వ్యక్తిగతంగా వెళ్లకండి. ఎలుగుబంట్ల గురించి ఇంకా రాయాలనుకునేవాళ్లు వేరే చర్చ తెరవండి, ఇక్కడ తీసేస్తాను.

కావలివాడు:
లెక్కల విషయంలో నాకు అభ్యంతరం లేదు. 1 తిమోతి 5:20 ప్రకారం తప్పు చేసే పెద్దను అందరి ఎదుట గద్దించవచ్చు. గద్దించడం అంటే గద్దించడమే, కీబోర్డు మోగించడం కాదు. మీ సంఘంలో నేనుండి ఉంటే ఆ సమావేశంలో లేచి లెక్కలు చదవమని అడిగేవాణ్ణి. స్కిట్‌కి మాత్రం నవ్వేవాణ్ణి కాదు.

వెనకబల్ల:
లేచేవాణ్ణని అందరూ అంటారు బ్రదర్. ఆ రోజు ఆ హాలు నిండా మనుషులున్నారు. ప్రార్థన మొదలవగానే అందరూ కళ్లు మూసుకున్నారు.