ఇంట్లో ఫోన్‌తో బుడ్వార్ ఫొటోలు: మొహం సాగినట్టు, ఒళ్లు రెండు రంగుల్లో వస్తోంది, ఏం చేయాలి?

మల్లెపందిరి (ప్రశ్న)

పెళ్లిరోజుకి మావారికి చిన్న బుడ్వార్ ఆల్బమ్ (పడగ్గదిలో, తక్కువ బట్టల్లో దిగే ఏకాంత ఫొటోలు) ఇవ్వాలని ఉంది. స్టూడియోలో వేరేవాళ్ల ముందు దిగడం ఇష్టం లేదు, నేనే తీసుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్, ట్రైపాడ్, రింగ్ లైట్ ఉన్నాయి. గది 10 బై 11, తూర్పున ఒకటే కిటికీ. సెల్ఫీ కెమెరాతో తీస్తే ముక్కు పెద్దగా, కాళ్లు పొట్టిగా వస్తున్నాయి. రాత్రిపూట తీస్తే ఒళ్లు ఓవైపు పసుపు, ఓవైపు నీలం, పైగా గరుకుగా ఉంటోంది.

వెలుగునీడ

ముక్కు సంగతి దూరంతో వచ్చిన చిక్కు. ఫోన్ చెయ్యి చాపినంత దూరంలో ఉంటే చెవికన్నా ముక్కు దానికి బాగా దగ్గర, అందుకే ఉబ్బుతుంది. ఫోన్‌ని ట్రైపాడ్ మీద గది మూలకి నెట్టి, మీరు ఆరేడు అడుగుల దూరంలో ఉండి, వెనక కెమెరాలో 2ఎక్స్ జూమ్‌తో తీయండి. మనిషి మొత్తం పట్టకపోతే 1ఎక్స్. 0.6 (వైడ్ లెన్స్) జోలికి వెళ్లకండి, అంచుల్లో ఉన్న చేతులూ కాళ్లూ సాగిపోతాయి. కాళ్లు పొట్టిగా కనబడటానికి కారణం కెమెరా ఎత్తు. నిలబడితే లెన్స్ బొడ్డు ఎత్తులో, మంచం మీదైతే పరుపుకి జానెడు పైన ఉండాలి.

రెండు రంగులకి కారణం రెండు రకాల దీపాలు. ట్యూబ్‌లైట్ సుమారు 6500 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం), మంచం పక్క పసుపు బల్బు 2700 నుంచి 3000. కెమెరా ఏదో ఒక్కదాన్నే తెల్లగా సర్దగలదు. అన్నీ ఆర్పేయండి, కిటికీ ఒక్కటే చాలు. పొద్దున్నే ఎండ నేరుగా పడుతుంది కాబట్టి పల్చటి తెల్ల పంచె మడత విప్పి క్లిప్పులతో కిటికీకి కట్టండి, ఎండ మెత్తబడుతుంది. మధ్యాహ్నమైతే పంచె కూడా అక్కర్లేదు.

కిటికీకి మూడు నాలుగడుగుల దూరంలో, అది మీకు పక్కకి వచ్చేట్టు కూర్చుని మొహం మాత్రం దానివైపు తిప్పండి. రెండో పక్క నీడ మరీ నల్లగా ఉంటే అటు రెండడుగుల్లో థర్మాకోల్ షీటు నిలబెట్టండి. ఇంకా గాఢంగా కావాలంటే అదే చోట నల్ల దుప్పటి. తర్వాత స్క్రీన్ మీద మొహం దగ్గర నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుతురు గుర్తుని కాస్త కిందికి లాగండి. వదిలేస్తే ఫోన్ చీకటిని చూసి ఫొటోని తెల్లబరిచేస్తుంది, మూడ్ అంతా పోతుంది.

రింగ్ లైట్ పక్కన పడేయండి. ఎదురుగా పెడితే నీడలన్నీ చెరిపేసి ఒంటిని చదునుగా చూపిస్తుంది.

గోలకొండ_క్లిక్స్

పడేసుడు ఎందుకు? రాత్రి తీయాలంటే అదే దిక్కు. మీ దిక్కు కాకుండా తెల్లగోడ దిక్కు తిప్పి, గోడకు రెండు మూడు ఫీట్ల దూరంల పెట్టండి. గోడనే పెద్ద కిటికీ లెక్క పనిచేస్తది. గోడ పచ్చగనో గులాబీగనో ఉంటే మాత్రం ఆ రంగే ఒంటి మీద పడ్తది, అప్పుడు తెల్ల దుప్పటి కట్టండి. ఫొటోల అడ్డచారలు వస్తే ప్రో మోడ్‌ల షట్టర్ 1/50 లేకుంటే 1/100 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, దాని లెక్కనే లైటు మిణుకుతది.

తులసికోట

అక్కా, ఫోకస్ లాక్ చేసేటప్పుడు ఫ్రేములో మీరుండరు కాబట్టి మీ చోట దిండు నిలబెట్టి దాని మీద లాక్ చేయండి. 10 సెకన్ల టైమర్ కన్నా బ్లూటూత్ రిమోట్ సుఖం, అరచేతిలో దాగిపోతుంది. ఇంకో దారి 4కె వీడియో తీసి ఫ్రేములు ఏరుకోవడం. ఒక్కో ఫ్రేము 8 మెగాపిక్సెళ్లు, చిన్న ఆల్బమ్‌కి సరిపోతుంది. ప్రతి భంగిమలో రెండు సెకన్లు కదలకుండా ఆగాలి, లేకపోతే చేతులు మసకబారతాయి. పోర్ట్రెయిట్ మోడ్ లేసు అంచుల్నీ విడి వెంట్రుకల్నీ తినేస్తుంది, బ్యూటీ ఫిల్టర్ చర్మాన్ని ప్లాస్టిక్ చేస్తుంది. రెండూ ఆపేయండి.

ఎలాస్టిక్ గీతలు పోవాలంటే గంట ముందు నుంచి వదులు నైటీలో ఉండండి. పట్టుచీరలో జరీ వెలుగుకి ఫొటోలో తెల్లమచ్చలా వస్తుంది. ఒకే రంగు జార్జెట్ గానీ, మీవారి తెల్లచొక్కా గానీ చక్కగా వస్తాయి. కొబ్బరినూనె ఒక్క చుక్క భుజాలకి రాస్తే మెరుపు, ఎక్కువైతే చెమట పట్టినట్టే!

నిలబడితే బరువు వెనక కాలి మీద, ముందు మోకాలు వంచి. చేతికీ నడుముకీ మధ్య సందు కనబడాలి. క్లిక్ అయ్యేటప్పుడు ఊపిరి వదలండి. పొట్ట లోపలికి లాగి పట్టుకుంటే భుజాలు లేచి మెడనరాలు తేలతాయి. తీసేముందు వెనకాల ఏముందో ఒకసారి చూసుకోండి. స్విచ్‌బోర్డు, వేలాడే ఛార్జరు, అన్నిటికన్నా ముఖ్యంగా బీరువా అద్దం.

తాళంచెవి

ఒక్క ఫొటో తీయకముందే గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆపేయండి. ఇంట్లో అందరిదీ ఒకటే అకౌంటయితే పిల్లల ట్యాబ్‌లోకీ, స్క్రీన్‌సేవర్‌గా ఆ ఆల్బమ్ పెట్టి ఉంటే హాల్లో టీవీ మీదకీ వచ్చేస్తాయి. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ తీసేయండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి రిమోట్ కోసం బ్లూటూత్ మాత్రం మళ్లీ ఆన్ చేయండి.

తీశాక గూగుల్ ఫొటోస్‌లోనే తాళం వేసి దాచే లాక్డ్ ఫోల్డర్‌లోకి మార్చండి. దానికి బ్యాకప్ లేనప్పుడు యాప్ తీసేస్తే ఫొటోలూ పోతాయి. వద్దనుకున్నవి డిలీట్ చేశాక ట్రాష్ కూడా ఖాళీ చేయాలి, లేదంటే అందులో వారాల తరబడి ఉంటాయి. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే లొకేషన్ వివరాలూ వెళ్తాయి. ఒక్కసారి చూడగానే మాయమయ్యే వ్యూ వన్స్‌ని నమ్ముకోకండి, ఎదుటివాళ్లు ఇంకో ఫోన్‌తో స్క్రీన్‌ని ఫొటో తీయొచ్చు.

ఆల్బమ్ ప్రింటుకి ల్యాబ్‌కి ఇవ్వకూడదనుకుంటే 4 బై 6 ఫొటో ప్రింటర్ దొరుకుతుంది. అది రిబ్బన్‌తో అచ్చువేసే డై-సబ్లిమేషన్ రకమైతే జాగ్రత్త. వాడేసిన రిబ్బన్ మీద ప్రతి ఫొటో నెగెటివ్‌లా మిగిలి ఉంటుంది. చెత్తబుట్టలో వేయకుండా బయటికి లాగి ముక్కలు చేయండి.

చట్టం సంగతి కూడా: తీయడానికి ఒప్పుకున్నా, ఇతరులకి పంచడానికి ఒప్పుకోని ఇలాంటి ఫొటోని పంచడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

మల్లెపందిరి

రిబ్బన్ సంగతి అస్సలు తెలీదు! మొహం కనబడకుండా తీస్తే సరిపోతుందా?

తాళంచెవి

పెదాల కింద నుంచి ఫ్రేము కట్టండి. కానీ పచ్చబొట్టు, పుట్టుమచ్చ, తాళిబొట్టు, ఊళ్లో అందరూ చూసిన మీ దుప్పటి, ఇవి కూడా మనిషిని పట్టిస్తాయి. ముందు వాటిని తప్పించండి.