జవాన్ల డిగ్రీ చదువు, కెరీర్ ఆసక్తి: సర్వే ప్రశ్నలు ఎలా అడగాలి?

నమస్తే. తిరుపతి, చిత్తూరు జిల్లాల మాజీ సైనికుల కోసం ప్రశ్నావళి తయారవుతోంది. తేలాల్సింది ఒక్కటే: సర్వీసులో ఉండగా చేసిన డిగ్రీ జవానును పైర్యాంకు వైపు నడిపిస్తుందా, బయటి ఉద్యోగం వైపా?

చిక్కేమిటంటే, డిగ్రీలో చేరేవాళ్లకు మొదట్నుంచే పట్టుదల కాస్త ఎక్కువ. చదివినవాళ్లనూ చదవనివాళ్లనూ ఊరికే పోలిస్తే ఆ తేడా అంతా డిగ్రీ ఖాతాలో పడిపోతుంది. అందుకే మూడో గుంపు పెట్టాం: చేరి మధ్యలో మానేసినవాళ్లు. పోస్టింగ్ మారో, పరీక్షల సమయానికి సెలవు దొరక్కో మానేసినవాళ్లు బాగా పనికొస్తారు; ఆసక్తి ఉంది, డిగ్రీ లేదు. విసుగొచ్చి మానేసినవాళ్లు వీళ్లలో కలిస్తే లెక్క చెడుతుంది. ఈ రెండు రకాలనూ విడదీసే ప్రశ్న ఎలా ఉండాలి?

సర్వీసు ఏళ్లు ఇంకో తలనొప్పి. 15 ఏళ్లకు పెన్షన్ వస్తుంది కనుక 12 దాటినవాళ్లు డిగ్రీ ఉన్నా లేకున్నా చాలావరకు సర్వీసులోనే ఉండిపోతారు. జవాను ఆఫీసరయ్యే ఆర్మీ కేడెట్ కాలేజీ దారికి వయసు 27 మించకూడదు. అగ్నివీరులకు వేరే పట్టికే: 4 ఏళ్లు, కొనసాగింపు గరిష్ఠంగా 25 శాతానికి, ఇగ్నో డిగ్రీలో సగం క్రెడిట్లు శిక్షణ నుంచే.

"ఎందుకు కొనసాగారు?" అంటే "దేశసేవ" అనే జవాబే వస్తుంది (అబద్ధమని కాదు). ప్రమోషన్ కేడర్‌కు (పైర్యాంకు కోసం చేసే కోర్సు) ఏ ఏడాది వెళ్లారు, డిగ్రీకి ముందా తర్వాతా అని అడగడమే మేలు. రిటైరైన సుబేదార్ సార్లు చెప్పండి: ఆ తేదీలు డిశ్చార్జి బుక్కులో దొరుకుతాయా, జ్ఞాపకం మీదే ఆధారపడాలా?