మాట ముందా, సమాజం ముందా?

ప్రశ్న:
తత్వవేత్త రూసో 1755లో అచ్చువేసిన అసమానతల వ్యాసంలో ఒకచోట ఆగిపోయాను. భాష పుట్టాలంటే సమాజం ఉండాలి, సమాజం ఏర్పడాలంటే భాష ఉండాలి. ఏది ముందో తేల్చకుండా వదిలేశాడు. రెండు రోజులుగా ఇదే ఆలోచన. అప్పట్లో ఎవరైనా గట్టి జవాబు చెప్పారా?

జవాబు 1:
రూసో కంటే ముందే, 1746లో ఫ్రెంచ్ తత్వవేత్త కొందియాక్ ఒక దారి చూపాడండి. ఊహించుకోమంటాడు: బైబిల్లోని జలప్రళయం తర్వాత ఎడారిలో ఇద్దరు పిల్లలు, ఏ భాషా రాదు. ఒకరు అవసరంకొద్దీ కేక పెడితే రెండోవారు సాయానికి వస్తారు. పోనుపోను ఆ కేకే గుర్తుగా మారుతుంది.

జవాబు 2:
కేక దానంతటదే మాట ఎలా అవుతుందన్నదే జర్మన్ తత్వవేత్త హెర్డర్ అభ్యంతరం. బెర్లిన్ అకాడమీ 1769లో భాష పుట్టుక మీద వ్యాసాల పోటీ పెడితే బహుమతి ఆయనకే వచ్చింది. ఆ వ్యాసం 1772లో అచ్చయింది. అందులో గొర్రె ఉదాహరణ చదవండి. తెల్లగా, మెత్తగా ఎదురుగా నిలబడి అరుస్తుంది. మళ్లీ కనిపించినప్పుడు ‘ఓ, ఆ అరిచేది నువ్వేనా!’ అని మనసు పోల్చుకుంటుంది. ఆ పోలికే మొదటి మాట. వినేవాళ్లు పక్కన లేకపోయినా సరే.

ప్రశ్న అడిగినవారు:
గొర్రె దగ్గర ఒళ్లు జలదరించిందండీ. మా పాపకి ఏడాదిన్నర. మేకని ‘మ్మే’ అంటుంది. నిన్న పుస్తకంలో బొమ్మ చూపిస్తే, అరుపేమీ లేకపోయినా, వేలు పెట్టి ‘మ్మే’ అంది. అని, వెంటనే నా మొహంలోకి చూసింది, అవునా అన్నట్టు. హెర్డర్ ఆ చూపుని వదిలేశాడనిపిస్తోంది.