అమెరికన్ ఫుట్‌బాల్‌లో సెకండ్ అండ్ 10 (రెండో ప్రయత్నం, ఇంకా 10 యార్డులు వెళ్లాలి), ఎదురుగా బ్లిట్జ్ (బాల్ విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదకి అదనపు డిఫెండర్ల దాడి): బబుల్ స్క్రీనా, స్లో స్క్రీనా?

స్నాప్ కౌంట్: నా ఓటు బబుల్‌కే, అంటే పక్కనున్న రిసీవర్‌కి వెంటనే విసిరే పొట్టి పాస్‌కే. స్నాప్ (ఆట మొదలుపెడుతూ సెంటర్ వెనక్కిచ్చే బాల్) అందిన సెకనులో బాల్ స్లాట్ రిసీవర్ (లైన్‌కీ బయటి రిసీవర్‌కీ మధ్య నిలిచేవాడు) చేతిలో ఉంటుంది, క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకొచ్చే రషర్ ఎంత దూకినా దండగే. బయట వాళ్లు ఇద్దరు, మనం ముగ్గురమైతే కళ్లు మూసుకుని వేసేయొచ్చు. స్లో స్క్రీన్‌కి, అంటే రషర్లని దగ్గరకి రానిచ్చి రన్నింగ్ బ్యాక్‌కి విసిరేదానికి, లైన్ (క్వార్టర్‌బ్యాక్ ముందు కాపు కాసేవాళ్లు) మొత్తం నాటకం ఆడాలి.

పుల్లింగ్ గార్డ్: ఆ నాటకమే కదండీ దాని బలం! లైన్ మధ్యలోని గార్డులు, సెంటర్ ముందు ఎదుటివాణ్ణి గట్టిగా ఒక్కటిచ్చి, "ఒకటి, రెండు" అనుకుని వదలాలి. క్వార్టర్‌బ్యాక్ వెనక్కి జరుగుతూ రషర్లని మీదకి లాక్కోవాలి. రన్నింగ్ బ్యాక్ (బాల్ పట్టుకుని పరిగెత్తేవాడు) బ్లాక్ చేస్తున్నట్టే నిలబడి పక్కకి జారాలి. అంతే, బ్లిట్జ్‌కొచ్చినవాళ్లంతా బాల్ వెనకే. బ్యాక్ ముందు 300 పౌండ్ల మనుషులు. బబుల్‌లో అడ్డం నిలిచేది రిసీవర్, వాణ్ణి కార్నర్ (రిసీవర్‌కి కాపు కాసే డిఫెండర్) దాటేశాడా, రెండు యార్డుల నష్టం.

స్నాప్ కౌంట్: ఒక్కటిచ్చి వదిలితే సరే గురూ, ఊరికే వదిలేస్తేనో? కాస్త తెలివున్న డిఫెన్సివ్ టాకిల్ (ఎదుటి లైన్ మధ్యలో ఉండేవాడు) "నన్నెందుకు వదిలేశారు?" అని అక్కడే ఆగి బ్యాక్‌ని వాటేసుకుంటాడు. ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) జట్టు ఈగల్స్‌లో సెంటర్ జేసన్ కెల్సీ 295 పౌండ్లతో లైన్‌బ్యాకర్ల (డిఫెన్స్ లైన్ వెనక నిలిచేవాళ్లు) మీదకి ఉరికేవాడు. అలాంటి సెంటర్ ఎంతమందికి దొరుకుతాడు?

హాష్ మార్క్: ఏ స్థాయి ఆటో చెప్పకుండా వాదించుకుంటున్నారు మీరిద్దరూ. మైదానం వెడల్పు ఎక్కడైనా 160 అడుగులే. హాష్‌ల (మైదానం మధ్యలో రెండు వరసల గుర్తులు, ప్రతి ఆటా వాటి మధ్యో వాటి మీదో మొదలవుతుంది) మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో పద్దెనిమిదిన్నర. బాల్ ఒక హాష్ మీదుంటే అవతలి సైడ్‌లైన్‌ దాకా కాలేజీలో 100 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో 89 చిల్లర. బబుల్ బతికేది ఆ తేడా మీదే. అలాగని స్లో స్క్రీన్‌కి కాలేజీలో కష్టమేం లేదు: బాల్ విసరకముందే లైన్‌మన్ ఆట మొదలైన గీతని ఎన్ఎఫ్ఎల్‌లో ఒక యార్డ్ దాటితే ఫ్లాగ్ (పెనాల్టీ), కాలేజీలో 3 యార్డులు, అదీ పాస్ ఆ గీత దాటితేనే.

పుల్లింగ్ గార్డ్: హాష్ లెక్క ఒప్పుకున్నా. కానీ బబుల్‌ని రిసీవర్ ముందు భుజానికి వేయాలి. వెనక్కి పడితే ఆగి తిరగాలి, ఈలోపు కార్నర్ వచ్చేస్తాడు. స్వింగ్ స్క్రీన్‌లో (పక్కకి పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌కి విసిరేది) ఇంకో గండం: బాల్ క్వార్టర్‌బ్యాక్ కన్నా వెనక్కి వెళ్లి జారిందంటే అది ఇన్‌కంప్లీట్ (ఎవరికీ అందక అక్కడితో ఆగిపోయే పాస్) కాదు, నేలమీద ఎవడు పట్టుకుంటే వాడిది.

స్నాప్ కౌంట్: అది స్వింగ్ తప్పు, బబుల్‌ది కాదు! సరే, స్లాట్ రిసీవర్‌ని కాసే నికెల్ బ్యాకే (ఐదో డిఫెన్సివ్ బ్యాక్) బ్లిట్జ్‌కొస్తే? బబుల్ చోటు ఖాళీ.

హాష్ మార్క్: ఖాళీయే. కాకపోతే ఆ నికెల్ పరిగెత్తుకొచ్చేది బాల్ వెళ్లే దారిలోనే, చేతులెత్తుకుని.