3సి 273: హెచ్-బీటా ఒకటి చెబుతోంది, హెచ్-ఆల్ఫా ఇంకొకటి చెబుతోంది

తిరుపతి నుంచి ప్రశ్న

అందరికీ నమస్తే. 3సి 273 అనే క్వేజార్ (దూరపు గెలాక్సీ నడుమ కృష్ణబిలం చుట్టూ వెలిగే వాయువు) వర్ణపటంలో ఒక చిక్కు వచ్చింది. సామాను ఇదీ: 8 అంగుళాల ఎఫ్/5 న్యూటోనియన్, ఈక్వటోరియల్ మౌంట్, 3.76 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న మోనో కెమెరా, మిల్లీమీటరుకు 100 గీతల స్టార్ అనలైజర్ గ్రేటింగ్. గ్రేటింగుకూ సెన్సరుకూ మధ్య 80 మి.మీ. 3సి 273 మీద రెండేసి నిమిషాల ఫ్రేములు 30 తీసి కలిపినాను. కాలిబ్రేషనుకు డెనెబోలా, అంటే మన ఉత్తర ఫల్గుణి.

మొదట జీరో ఆర్డర్ (గ్రేటింగ్ విరవకుండా వదిలిన నక్షత్రపు చుక్క), డెనెబోలా హెచ్-బీటా (4861 ఆంగ్‌స్ట్రాముల హైడ్రోజన్ రేఖ), ఈ రెండు పాయింట్లతో సరళరేఖ గీసినాను. క్వేజార్ శిఖరాలు 5632, 7588 ఆంగ్‌స్ట్రాముల దగ్గర వచ్చినాయి. రెడ్‌షిఫ్ట్ (జెడ్, అంటే రేఖ ఎర్రవైపు ఎంత వంతు జరిగిందో) హెచ్-బీటాకు 0.159, హెచ్-ఆల్ఫాకు 0.156. అచ్చులో ఉన్నది 0.158, పరవాలేదు అనుకున్నా. తర్వాత హైడ్రోజన్ బామర్ రేఖలు (హెచ్-ఆల్ఫా నుంచి హెచ్-డెల్టా దాకా) నాలుగూ వాడి వర్గ సమీకరణం పెడితే హెచ్-బీటా 5630కి వచ్చి చక్కగా కుదిరింది. హెచ్-ఆల్ఫా మాత్రం 7575కి జారి 0.154 అయింది. ఫిట్ మెరుగుపడితే జవాబు చెడిపోవడమేంది? పైగా ఆ శిఖరానికి కుడిపక్క ఒక గుంట, గుంట దాటినాక 7680 ప్రాంతంలో చిన్న దిబ్బ. జంట శిఖరాల రేఖ అనుకోవచ్చా?

మదనపల్లె నుంచి జవాబు

మీ రెండో ఫిట్టే సరైంది. మొదటి దాంట్లో రెండు తప్పులు ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి కప్పిపెట్టినాయి. ఒక తప్పు తీసేసరికి రెండోది బయటపడింది.

మొదటి తప్పు సరళరేఖ. గ్రేటింగ్ వెలుగును విరిచే కోణపు సైన్ తరంగదైర్ఘ్యంతో పాటు సమానంగా పెరుగుతుంది. సెన్సర్ బల్లపరుపుగా ఉంది కాబట్టి దాని మీద దూరం పెరిగేది ట్యాన్‌తో. చిన్న కోణాల్లో రెండూ ఒకటే అనిపిస్తాయి కానీ 100 గీతల గ్రేటింగులో 7600 దగ్గర సైన్ 0.0760, ట్యాన్ 0.0762. జీరో, హెచ్-బీటా పట్టుకుని గీత గీస్తే 7600 అసలు చోటు కన్నా దాదాపు 13 ఆంగ్‌స్ట్రాములు ఎర్రవైపు చదువుతుంది. మీ డిస్పర్షన్ పిక్సెల్‌కు 4.7 ఆంగ్‌స్ట్రాములు, అంటే దగ్గరదగ్గర మూడు పిక్సెళ్ళ తేడా. నమ్మకం కుదరకపోతే పాత సరళరేఖ మీదే డెనెబోలా హెచ్-ఆల్ఫా చూడండి, 6563 బదులు 6569 పలకాలి.

రెండో తప్పు మీది కాదు, మన గాలిది. 3సి 273 హెచ్-ఆల్ఫా పడే చోటు లెక్కగట్టండి: 6563 × 1.158 = 7600. గాలిలోని ఆక్సిజన్ ఏ-బ్యాండ్ 7594 దగ్గర నిటారుగా మొదలై ఎర్రవైపు 7700 దాకా సాగుతుంది. రేఖ నడినెత్తినే కొరికేస్తుందన్నమాట. నీలంవైపు భుజం మిగిలిపోయి 7575 దగ్గర శిఖరంలా కనపడుతుంది, బ్యాండ్ పలచబడ్డాక ఎర్రవైపు కొస దిబ్బలా లేస్తుంది. జంట శిఖరాలు, జంట కృష్ణబిలాలు ఏమీ లేవు.

రుజువు మీ దగ్గరే ఉంది. కొత్త ఫిట్‌తో డెనెబోలాను గీయండి. అదే గుంట అదే చోట ఉంటుంది. అంత దూరపు క్వేజార్‌లోనూ, 36 కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్రంలోనూ ఒకే చోట కదలకుండా ఉన్నది ఏదైనా మన వాతావరణానిదే. 6867 దగ్గరి బీ-బ్యాండ్ కూడా రెండింటిలో ఒకే చోట ఉందా చూసుకోండి, కాలిబ్రేషన్ మీద ఇంకో సాక్ష్యం దొరికినట్టు.

రెడ్‌షిఫ్టుకు హెచ్-ఆల్ఫాను వదిలేయండి. హెచ్-బీటా 5630, హెచ్-గామా 5026, హెచ్-డెల్టా 4750 చూడండి. 5630ని 5026తో భాగిస్తే 1.120, 4861ని 4340తో భాగించినా 1.120. ఈ నిష్పత్తి కుదిరితేనే రేఖల పేర్లు సరిగ్గా పెట్టినట్టు. 1963లో ఖగోళ శాస్త్రవేత్త మార్టెన్ ష్మిట్ ఈ క్వేజార్‌నే ఛేదించింది ఈ బామర్ రేఖల వరసను గుర్తుపట్టే. ఒక్క శిఖరం పట్టుకుని జెడ్ రాసేవాళ్ళ లెక్క ఎప్పుడూ అనుమానమే.

చంద్రగిరి నుంచి

మదనపల్లె సార్ చెప్పింది రైటే. మళ్ళీ తీసేటప్పుడు పనికొచ్చేవి కొన్ని.

ఫోకస్ జీరో ఆర్డర్ మీద పెట్టినారేమో. గ్రేటింగ్ దగ్గరపడే కిరణాల మధ్యలో ఉంది కాబట్టి జీరో సూదిమొనలా ఉన్నప్పుడు వర్ణపటం కొంచెం చెదిరి ఉంటుంది. డెనెబోలాను ఫ్రేములో పెట్టి హెచ్-బీటా గీత సన్నగా, నల్లగా అయ్యేదాకా ఫోకసర్ తిప్పి అక్కడే బిగించండి. జీరో కాస్త లావైనా నష్టం లేదు. క్వేజార్‌కు మారేటప్పుడు ఫోకసర్ గానీ గ్రేటింగ్ గానీ ముట్టుకోవద్దు, ముట్టుకుంటే మొత్తం కాలిబ్రేషన్ మళ్ళీ మొదటికి.

సెకండ్ ఆర్డర్ (గ్రేటింగ్ రెండింతల దూరంలో వేసే రెండో వర్ణపటం) సంగతి. 3800 దగ్గరి నీలికాంతి సెకండ్ ఆర్డర్‌లో సరిగ్గా 7600 మీద పడుతుంది. క్వేజార్ నీలం ఎక్కువున్న వస్తువు, న్యూటోనియన్‌లో ఆ నీలాన్ని ఆపే కటకమూ లేదు. ఇది రేఖను జరపదు, కింద నేల ఎత్తు పెంచుతుంది. ఎర్రవైపు రేఖల బలం కొలవాలంటే 12వ నంబరు పసుపు ఫిల్టర్ పెట్టి ఇంకో 20 ఫ్రేములు తీయండి. 5000కి కింద అంతా తెగిపోతుంది కాబట్టి నీలంవైపు రేఖలకు ఫిల్టర్ లేని ఫ్రేములే వాడాలి. ఇంకొకటి, కెమెరాలో యూవీ-ఐఆర్ కట్ (అతినీల, పరారుణ కాంతిని ఆపే గాజు) ఉంటే 7000 దాటినాక ఏమీ రాదు. మీకు 7600 వచ్చింది కాబట్టి మీది మామూలు గాజే.

గ్రేటింగ్‌ను తిప్పి ఏ పక్క నక్షత్రపు జీరో కూడా మీ వర్ణపటం మీద పడకుండా చూసుకోండి. పడితే అది అచ్చం ఉద్గార రేఖలాగే ఉంటుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే. అనుమానం వస్తే గ్రేటింగ్‌ను పది డిగ్రీలు తిప్పి మళ్ళీ తీయండి. దొంగ రేఖ చోటు మారుతుంది, నిజమైంది మారదు.

ఊళ్ళో ఎల్‌ఈడీ దీపాల రేఖలు కనపడతాయని భయం వద్దు. చీలిక (స్లిట్) లేని అమరికలో ఆకాశపు వెలుగు రేఖలుగా పడదు, ఫ్రేమంతా పరుచుకుంటుంది. రేఖ రాదు గానీ రొద పెరుగుతుంది. వర్ణపటానికి పైన, కింద 15 పిక్సెళ్ళ పట్టీలు తీసుకుని వాటి మధ్యస్థాన్ని తీసివేయండి.

మన అక్షాంశానికి ఈ క్వేజార్ దక్షిణాన 78 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతుంది, ఉత్తరాన కొండ మీది వెలుగు దీనికి అడ్డం కాదు. మార్చి ఆఖరులో అర్ధరాత్రి దాటిన పావుగంటకు నడినెత్తిన ఉంటుంది. ఈటా వర్జినిస్ నుంచి ఈశాన్యంగా మూడున్నర డిగ్రీలు.

తిరుపతి నుంచి

చూసినానన్నా. పాత సరళరేఖలో డెనెబోలా హెచ్-ఆల్ఫా 6569 దగ్గరే ఉంది. గుంట రెండింటిలోనూ ఒకే చోట. ఇంకో రెండు ప్రశ్నలు. డెనెబోలాతో భాగించి ఆ గుంట పూడ్చవచ్చా? హెచ్-బీటా వెడల్పు 75 ఆంగ్‌స్ట్రాములు వచ్చింది, దీన్నుంచి కృష్ణబిలం బరువు కట్టవచ్చా?

మదనపల్లె నుంచి

పూడ్చవచ్చు, షరతులతో. రెండూ ఆకాశంలో ఒకే ఎత్తులో ఉన్నప్పుడు తీసినవి కావాలి. నాలుగైదు డిగ్రీల తేడా పరవాలేదు. రెండింటిలో నక్షత్ర బొమ్మ లావు కూడా ఒకటే ఉండాలి, లేకపోతే భాగించినాక గుంట పక్కన కొమ్ము మొలుస్తుంది. ముందు డెనెబోలాను ఏ3 రకం ప్రామాణిక వర్ణపటంతో భాగించి నక్షత్రపు సొంత రేఖలు తీసేయండి, లేదంటే దాని బామర్ గుంటలు మీ క్వేజార్‌లో తలకిందులై దిబ్బలుగా తేలతాయి. ఇంత చేసినా 7600 దగ్గర రొద ఎక్కువే. రేఖ బలానికి వాడుకోండి, చోటుకు వద్దు.

బరువు సంగతి. 75లో మీ పరికరపు వెడల్పు కలిసి ఉంది. దాన్ని డెనెబోలా రేఖల నుంచి తీసుకోవద్దు. ఆ రకం నక్షత్రాల్లో వాయువు ఒత్తిడి వల్ల బామర్ రేఖలు పుట్టుకతోనే లావు. వర్ణపటానికి అడ్డంగా కోసి మందం ఎన్ని పిక్సెళ్ళో చూసి 4.7తో గుణించండి. 25 వచ్చిందనుకుందాం. 75 వర్గం లోంచి 25 వర్గం తీసి వర్గమూలం కడితే 71. దాన్ని 5630తో భాగించి కాంతి వేగంతో గుణిస్తే సెకనుకు సుమారు 3,770 కి.మీ. పరిశీలించిన తరంగదైర్ఘ్యంతోనే భాగించినారు కాబట్టి మళ్ళీ 1.158తో దించకూడదు.

వాడుకలో ఉన్న సూత్రం ఇది: బరువు లాగరిథమ్ = 6.91 + 2 × లాగ్ (వేగం/1000) + 0.5 × లాగ్ (5100 దగ్గరి కాంతిశక్తి / సెకనుకు 10 ఘాతం 44 ఎర్గులు). 3సి 273కి కాంతిశక్తి సుమారు 10 ఘాతం 46 అనుకుంటే 9.06, అంటే 110 కోట్ల సూర్యులు. 2018లో చిలీలోని నాలుగు 8.2 మీటర్ల దూరదర్శినులను కలిపి గ్రావిటీ పరికరంతో నేరుగా వాయువు కదలికను కొలిస్తే వచ్చింది 26 కోట్లు. సూత్రం తప్పని కాదు, దాని పట్టు అంతే. మూడు నాలుగు రెట్లు అటూ ఇటూ ఉంటుంది. మీ రిపోర్టులో మూడు దశాంశాలు మాత్రం రాయొద్దు సామీ.

చిత్తూరు నుంచి ప్రశ్న

మా డిగ్రీ పిల్లలకు దూరదర్శిని లేదు. సెయ్‌ఫర్ట్ గెలాక్సీకీ (నడుమ కృష్ణబిలం చురుగ్గా ఉన్నది), మామూలుగా నక్షత్రాలు పుట్టే గెలాక్సీకీ తేడా వర్ణపటంలో చూపించాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

చంద్రగిరి నుంచి

మేడమ్, ఎస్‌డిఎస్‌ఎస్ (స్లోన్ ఆకాశ సర్వే) వారి స్కైసర్వర్ వెబ్‌సైటులో వర్ణపటాలు ఉచితం. జెడ్ 0.1 లోపువి తీసుకోండి, హెచ్-బీటా, హెచ్-ఆల్ఫా రెండూ హాయిగా ఫ్రేములో ఉంటాయి. ఫిట్స్ ఫైలులో లాగ్‌లామ్ కాలమ్‌ను 10 ఘాతంగా పెడితే తరంగదైర్ఘ్యం వస్తుంది. ఐవార్ (కొలత ఎంత నమ్మదగిందో చెప్పే కాలమ్) సున్నా ఉన్న పిక్సెళ్ళు చెడ్డవి, తీసేయించండి.

పిల్లలు కొలవాల్సినవి నాలుగు రేఖలు: ఆక్సిజన్ 5007, హెచ్-బీటా, నైట్రోజన్ 6584, హెచ్-ఆల్ఫా. మొదటిదాన్ని రెండోదానితో, మూడోదాన్ని నాలుగోదానితో భాగించి రెండింటి లాగరిథమ్‌లు గ్రాఫులో పెట్టించండి. నైట్రోజన్ నిష్పత్తి లాగరిథమ్ ఎక్స్ అయితే, 0.61ని (ఎక్స్ − 0.47)తో భాగించి 1.19 కలిపిన గీతకు పైన ఉన్నవి క్రియాశీల గెలాక్సీలు. ఎక్స్ 0.47 దాటితే గీత చూడనక్కర్లేదు, అవీ ఆ లెక్కలోనే.

రెండు చోట్ల జారతారు. సెయ్‌ఫర్ట్ 1 రకంలో హెచ్-బీటాకు లావు భాగం, సన్న భాగం రెండూ ఉంటాయి, గ్రాఫుకు సన్నది మాత్రమే. అలాగే ముసలి నక్షత్రాలు ఎక్కువున్న గెలాక్సీలో హెచ్-బీటా కిందే ఒక శోషణ గుంట ఉంటుంది, దాన్ని పూడ్చకుండా కొలిస్తే హెచ్-బీటా తగ్గి, మామూలు గెలాక్సీ కూడా గీత పైకి ఎక్కేస్తుంది. ఫిట్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఆక్సిజన్ 5007 తన జంట 4959 కన్నా మూడు రెట్లు ఉందా అని చూడండి. అది అణు నియమం, ఏ గెలాక్సీ అయినా మారదు.

ఇంకొక్కటి. ఎస్‌డిఎస్‌ఎస్ తరంగదైర్ఘ్యాలు శూన్యంలోవి, పుస్తకాల్లోని 5007 (కచ్చితంగా 5006.84) గాలిలోది. శూన్యంలో అది 5008.24. కలిపేస్తే సెకనుకు 84 కి.మీ. దొంగ వేగం పుడుతుంది.